కుడి చివర నిలబడ్డవాళ్లు

"సొంత కెమెరా ఉంటే ఆదివారం నిన్నూ తీసుకెళ్తాను," అన్నాడు సారు, గొడుగు ఉంటే వానలో రావచ్చన్నంత తేలిగ్గా.

ఆమె మౌసు మీద నుంచి చెయ్యి తీయలేదు. తెర మీద ఒక పెళ్లికొడుకు ముఖం ఉంది. ఆ ముఖానికి పట్టిన చెమట మెరుపును కొంచెం కొంచెంగా తగ్గిస్తోంది. ఆ స్టూడియోలో ఆమె పని అదే. సారు ఎక్కడెక్కడి వేడుకలకో వెళ్లి ఫొటోలు తీసి, మెమరీ కార్డు తెచ్చి బల్ల మీద పడేస్తాడు. ఆ కార్డులో ఉన్న జనానికి తలలు దువ్వి, కాలర్లు సర్ది, మూసుకుపోయిన కళ్లు తెరిపించి ఆల్బంలోకి పంపేది ఆమె. ఆమెకో పేరుందన్న సంగతి అక్కడ ఎవరికీ గుర్తులేదు. కస్టమర్లు కూడా గుమ్మంలోంచే "కరెక్షన్ అమ్మాయి ఉందా?" అని అడుగుతారు. ఇద్దరు పిల్లల తల్లిని పట్టుకుని అమ్మాయేమిటని మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది.

"నిజంగానా సార్?"

"నిజంగానే. ఆదివారం పెళ్లివాళ్లు ఇద్దరు ఫొటోగ్రాఫర్లు కావాలన్నారు. బయటివాణ్ణి పిలిస్తే నాలుగు ఫొటోలు తీసి, నలభై మందికి తన నంబరు ఇచ్చి పోతాడు. నువ్వంటే ఇంటి మనిషివి."

జీతం పెంచమని అడిగినప్పుడూ ఆమె ఇంటి మనిషే. అయినా ఇవాళ ఆ మాట చేదుగా అనిపించలేదు. స్టూడియోలో చేరిన రోజు నుంచీ ఆమెకు ఒక్కటే కోరిక. ఎవరో నొక్కేసిన బొమ్మల్ని బాగుచేయడం కాదు, ఆ నొక్కే క్షణంలో తాను అక్కడ ఉండాలి. ఫలానా ఆయన తలలోంచి కరెంటు స్తంభం మొలిచినట్టు పడితే, గంటసేపు ఆ స్తంభాన్ని చెరిపేస్తూ, 'ఒక్క అడుగు పక్కకు జరిగి తీస్తే ఏం పోయేది' అని లోలోపల సణుక్కునేది. ఆ ఒక్క అడుగు వేసే అవకాశం కోసమే ఇన్నాళ్లూ రూపాయి రూపాయి దాచింది.

"కెమెరా కోసం ఊరంతా తిరగడం దేనికి?" సారు తన భుజం మీది సంచి విప్పి, కెమెరాను ఆమె బల్ల మీద పెట్టాడు. "నాది తీసేసుకో. బాడీ, ఈ జూమ్ లెన్సూ, రెండూ. నేను ఎలాగూ కొత్తది తీసుకుంటున్నా. ఇదే లెన్సుతో నేనెంత పేరు తెచ్చుకున్నానో నీకు తెలుసు. శనివారం లోపల చెప్పు."

ఆయన చెప్పిన ధర ఆమె దాచుకున్న డబ్బుకు సరిగ్గా సరిపోయింది. ఎందుకు సరిపోదు? ఎంత దాచిందో పోయిన నెలలో తానే నోరు జారింది.

* * *

భర్త నీటి మోటార్లు రిపేరు చేస్తాడు. ఆ సాయంత్రం వరండాలో ఒక మోటారు పొట్ట విప్పుకుని, రాగి తీగ చుడుతూ విషయమంతా విన్నాడు.

"సెకండ్ హ్యాండా? ఇంకొకరు వాడి పారేసింది మనకెందుకు? పొద్దున ఫోన్లో చూశా. కొత్త కెమెరా, రెండు లెన్సులు, సంచీ, స్టాండూ, అన్నీ కలిపి ఒకటే ధర. పైగా ఇరవై నాలుగు మెగాపిక్సెల్స్."

"ఇరవై నాలుగు మెగాపిక్సెల్స్ ఏం చేసుకుంటారు?"

"నాకేం తెలుసు? ఎక్కువైతే మంచిదేగా."

"మీ దగ్గరికొచ్చినవాళ్లు ఎక్కువ హార్స్ పవర్ మోటారు అడిగితే ఏమంటారు?"

అతను తీగ చుట్టడం ఆపి నవ్వాడు. "ఇంటికి సరిపోయేది తీసుకోమంటాను."

"అదే నేనూ అంటున్నా. ఆ రెండు లెన్సులూ మధ్యాహ్నం ఎండలో బాగుంటాయి. హాల్లో లైట్లు తగ్గించారంటే గుడ్డివే. చీకట్లో తీసిన ఫొటోలు ఎలా వస్తాయో నాకు తెలుసు, రోజూ బాగుచేసేది నేనేగా."

"మరి మీ సారుది?"

సారుది మంచి లెన్సని అందరూ అంటారు. ఇచ్చే మనిషీ తెలిసినవాడే. కానీ ఉన్నదంతా ఒక్కచోట పోసేసి, ఇంకోటి చేత్తో పట్టుకుని కూడా చూడకపోతే తర్వాత తన మనసే తనను పీకుతుంది.

"రేపు మార్కెట్టు వెనక వీధిలో కెమెరాల బాబాయ్ దగ్గరికి ఒకసారి వెళ్లొస్తా. ఊరికే చూసొస్తా."

"నువ్వు ఊరికే చూసొచ్చినవన్నీ మనింట్లోనే ఉన్నాయి," అన్నాడతను, మళ్లీ తీగ అందుకుంటూ.

* * *

బాబాయ్ కొట్టు నిలువునా సన్నగా ఉంటుంది. ఒకరు లోపలికి వెళ్లాలంటే ఇంకొకరు బయటికి రావాలి. పాత కెమెరాలు బాగుచేసి అమ్మడం ఆయన పని. ఆమె అడిగింది విని అద్దాల బీరువా తెరవకుండా ముందు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఏం తీస్తావమ్మా? పక్షులా, కొండలా?"

"మనుషుల్ని బాబాయ్. హాళ్లల్లో, లోపల."

"అయితే బాడీ మీద డబ్బు తగలెయ్యకు. బాడీ రెండేళ్లకి పాతదైపోతుంది, లెన్సు నీతోపాటే ఉంటుంది." అట్టపెట్టెలోంచి ఒక కెమెరా తీశాడు. పట్టుకునే చోట రబ్బరు ఊడి, జిగురుతో మళ్లీ అతికించి ఉంది. "దీని ముఖం చూసి ఎవరూ కొనడం లేదు. లోపల మాత్రం రాయిలా గట్టిది." దానికి అరచేతిలో ఇమిడిపోయే పొట్టి లెన్సు ఒకటి బిగించాడు. "ఇది ఫిఫ్టీ ఎమ్మెమ్ లెన్సు. చీకట్లోనూ చూస్తుంది. జూమ్ ఉండదు. దగ్గరికి కావాలంటే నువ్వే నడవాలి, దూరం కావాలంటే నువ్వే వెనక్కి జరగాలి. గోడ అడ్డొస్తే నీ ఖర్మ."

లెన్సు వెనక నుంచి టార్చి వేసి, లోపల బూజు లేదని ఆమె కంటికి చూపించాడు. ఆ కెమెరా ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో అడిగితే దాచకుండా చెప్పాడు. తర్వాత తన మెమరీ కార్డు ఒకటి అందులో పెట్టి, "వెళ్లు, వీధిలో ఫొటోలు తీసుకో. తీసుకెళ్లి పెద్ద తెర మీద చూసుకో. నా మాట నమ్మకు," అన్నాడు.

ఎదురుగా బస్సు ఆగేచోట బెంచీ మీద ముగ్గురు కూర్చున్నారు. ఒక ముసలాయన, ఒక కాలేజీ అమ్మాయి, కుడి చివర సంచి ఒళ్లో పెట్టుకున్న ఒక నడివయసు ఆవిడ. తీయవచ్చా అని అడిగితే ముసలాయన టోపీ సర్దుకున్నాడు. ముగ్గురూ పట్టాలంటే వెనక్కి జరగాలి. జరిగింది. సైకిలు బెల్లు మోగింది. ఇంకొంచెం జరిగింది. తన చేత్తో తాను నొక్కిన మొదటి ఫొటో అది. కెమెరా లోపలి అద్దం టక్కుమని లేచి పడిన చప్పుడు అరచేతిలో తగిలితే, ఎందుకో ఆమెకు నవ్వాగలేదు.

* * *

స్టూడియోలో ఆ ఫొటో తెరిచింది. ముసలాయనా, కాలేజీ అమ్మాయీ బాగున్నారు. ఆలోచించకుండానే ఆమె చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఫొటోలో కుడివైపు మూడో వంతుకు గీత గీసి, అక్కడ పదును పెంచింది. ఏ గ్రూపు ఫొటో తెరిచినా ఆమె మొదట చేసే పని అదే. అన్నం ముందుకొస్తే చెయ్యి కడుక్కున్నట్టు.

కుడి చివరి ఆవిడ ముఖం గరుకు కాగితంలా అయిపోయింది. కంటి కింది ముడతలు కత్తితో గీసినట్టు లేచాయి.

"ఛ! మొత్తానికి బాబాయ్ లెన్సు పనికిరానిదే," అనుకుంది. చేసిందంతా వెనక్కి తీసుకుని చూద్దామని ఒక మీట నొక్కింది.

ఆవిడ ముఖం మామూలుగా ఉంది. కనుబొమల్లో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టేటంత తేటగా, ఎవరూ ఏమీ చేయకముందే అలా ఉంది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. సారు ఫొటోలు తెరిచింది. పోయిన నెలవి, పోయిన సంవత్సరానివి, తాను పనిలో చేరిన కొత్తలోవి. ఏది తెరిచినా ఎడమ చివర మనిషి బాగానే ఉన్నాడు, కుడి చివర మనిషి నీళ్లలోంచి చూస్తున్నట్టు ఉన్నాడు. ఫొటో అంటే ఇలాగే వస్తుందనీ, అందుకే తన పని ఉందనీ ఇన్నాళ్లూ అనుకుంది. చేరినప్పుడు ఆమెకు తెలిసింది సారు కెమెరా ఒక్కటే మరి.

సారు కెమెరా ఇంకా ఆమె బల్ల మీదే ఉంది. గోడకు ఒక దినపత్రిక అంటించి, బల్ల అంచున ఆనించి ఫొటో తీసింది. కుడివైపు అక్షరాలు అలుక్కుపోయాయి. కాగితం అక్కడ ఉబ్బిందేమోనని కెమెరాను తలకిందులుగా పట్టుకుని మళ్లీ తీసింది. ఈసారి కాగితంలో ఎడమవైపు అక్షరాలు అలుక్కుపోయి, కుడివైపువి శుభ్రంగా వచ్చాయి. గోడది కాదు, కాగితానిదీ కాదు. తప్పు లెన్సుది. దాన్ని ఎటు తిప్పితే ఆ తప్పు అటు తిరుగుతోంది.

మొదట ఆమెకు కోపం రాలేదు, జాలేసింది. సారు పాపం ఎప్పుడూ పెద్ద తెర మీద చూసుకోడు, ఆయనకేం తెలుసు, చెబితే ఎంత బాధపడతాడో అనుకుంది.

* * *

శుక్రవారం మధ్యాహ్నం జనం లేని వేళ చూసి, దినపత్రిక ఫొటోలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. సారు వంగి చూసి, మళ్లీ నిటారుగా నిలబడి, జేబులో తాళాలు కదిలించాడు.

"తెలుసు," అన్నాడు.

ఆమె తెర మీంచి తల తిప్పి ఆయన్నే చూసింది.

"లెన్సు ఒకసారి మెట్ల మీంచి దొర్లింది. రిపేరుకు కొత్తదాని ధర చెప్పారు. అప్పుడే కదా నువ్వు చేరావు, నీ చేతిలో బాగానే వస్తోంది కదా అని వదిలేశా."

అప్పుడే కదా నువ్వు చేరావు. ఆ మాట ఆయన మామూలుగానే అనేశాడు. ఆమెకే మెల్లగా లోపలికి దిగింది. తన పనితనం చూసి పెట్టుకున్నాడనుకుంది ఇన్నాళ్లూ. లెన్సు రిపేరుకన్నా మనిషి చవగ్గా దొరికిందని పెట్టుకున్నాడు. తల దించుకుంటే కన్నీళ్లు పడతాయని తల దించుకోలేదు.

"తెలిసీ నాకెందుకు అమ్మాలనుకున్నారు సార్?"

సారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకైతే అది లోపమే కాదుగా! ఇంకొకరికి అమ్మితే వచ్చి గొడవ చేస్తారు. నువ్వైతే సరిచేసుకుంటావు."

పైకి మెచ్చుకున్నట్టే ఉంది. మనసులో ఏ కల్మషమూ లేకుండా అన్నాడు, అదే ఆమెకు మరీ కష్టంగా తోచింది.

"నేను కొనుక్కుంటున్నది సరిచేసుకోడానికి కాదు సార్, తీసుకోడానికి. నాకు ఈ సెట్టు వద్దు. బాబాయ్ దగ్గర ఒక పాత బాడీ, ఫిఫ్టీ తీసుకుంటున్నా."

"ఫిఫ్టీనా?" సారు నవ్వాడు. "అరవై మంది గ్రూపు ఫిఫ్టీతో ఎలా తీస్తావు, గోడ బద్దలుకొట్టుకుని వెనక్కి పోతావా?"

"తీయలేను. గ్రూపు మీరే తీయండి."

"ఇలా అయితే ఆదివారం సంగతి నేను ఆలోచించుకోవాలి."

"ఆలోచించుకోండి సార్," అంది.

సాయంత్రం బాబాయ్ కొట్టులో డబ్బులిచ్చేటప్పుడు ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. ఆదివారం పోతే ఈ కెమెరా పిల్లల పుట్టినరోజులకే. ఉన్నదంతా ఊడ్చిపెట్టి బొమ్మ కొనుక్కున్నట్టవుతుంది. ఇంటికెళ్లాక భర్త ఆ అతికించిన రబ్బరును వేలితో తడిమి, ఏదో హాస్యమాడబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

శనివారమంతా సారు ఎవరెవరికో ఫోన్లు చేశాడు. అందరికీ ఆదివారం పని ఉంది. తలుపులు మూసే ముందు, ఆమె వైపు చూడకుండానే, "రేపు తొమ్మిదికల్లా రా. నా ముందుకు మాత్రం అడ్డు రాకు," అన్నాడు.

* * *

ఆదివారం హాల్లో ఆమె కెమెరా మెడలో వేసుకుంది. అలవాటు కొద్దీ తప్పుల కోసం వెతికింది. ఇక్కడ వైరు కనిపిస్తోంది, అక్కడ ఎవరో ఆవులిస్తున్నారు. పక్కకు జరిగితే వైరు పోతుందని కాసేపటికి గుర్తొచ్చింది. జరిగింది. పోయింది. ఇంట్లో దీపం ఆర్పినంత సులువుగా పోయింది.

మధ్యాహ్నం గ్రూపు ఫొటోకి అందరూ హాలు ముందు మెట్ల మీద నిలబడ్డారు. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ మధ్యలో, పెద్దవాళ్లు వాళ్ల పక్కన. పిల్లలకు ముఖాలు కడిగి, వంట దగ్గర లెక్క చూసి, చెప్పులు వెతికి ఆఖరున పరిగెత్తుకొచ్చినవాళ్లంతా కుడి చివరకు చేరారు. లోపలి నుంచి వచ్చే దారి అటువైపే ఉంది మరి. ఇలాంటి ఎన్ని చివరల్ని తాను గుడ్డిగా బాగుచేసిందో. వాళ్లు ఎవరో ఎన్నడూ తెలియదు, కళ్లు మాత్రం తానే గీసింది.

సారు తన పాత కెమెరాతోనే కుర్చీ ఎక్కి, "అందరూ ఇటు చూడండి," అని అరిచాడు. ఆమె ఫిఫ్టీలో పదిమంది కూడా పట్టలేదు. వెనక్కి జరిగితే ప్రహరీ గోడ. అందుకని ముందుకు నడిచింది, కుడి చివరకు.

అక్కడ ముగ్గురు ఆడవాళ్లున్నారు. అందరికన్నా చివర నిలబడ్డావిడ ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి, ముందువాళ్ల భుజాల మీంచి మెడ సాచి చూస్తోంది.

"అమ్మా, నేను పడతానంటావా ఇందులో?" అని ఈమెనే అడిగింది.

"పడతారు. ఇటు చూడండి."

నొక్కింది. ఆవిడ గబగబా దిగి వచ్చి, కెమెరా వెనక చిన్న తెరలోకి తొంగిచూసింది. తర్వాత చెంప మీద చెయ్యి పెట్టుకుని, "నేను మా అమ్మలా అయిపోయాను," అని నవ్వింది. పెళ్లికూతురికి ఆవిడ మేనత్త. తల్లి లేని పిల్లను పెంచింది తనేనట. ఆ మాట కూడా ఆవిడ చెప్పలేదు, పక్కనున్నావిడ చెప్పింది.

* * *

మంగళవారం సారు రెండు కార్డులూ కాపీ చేసి, ఆమె తీసినవి ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. మేనత్త ఫొటో దగ్గర కాసేపు ఆగాడు. బాగుందనలేదు. బాగుందనడం ఆయనకు ఎవరి విషయంలోనూ అలవాటు లేదు.

"గురువారం రెండు పనులు పడ్డాయి," అన్నాడు చివరకు. "ఒక ఆఫీసులో ఎవరిదో రిటైర్మెంటు. చిన్నదే. దానికి నువ్వెళ్లు."

"సరే సార్."

"కానీ ఆల్బం కూడా గురువారానికే ఇస్తానన్నా. రేపంతా నీకు మిగతా పేజీలతోనే సరిపోతుంది. మరి గ్రూపు ఫొటోల కరెక్షన్ ఎవరు చేస్తారు?"

ఇంటికి తీసుకెళ్లి చేసుకొస్తాను సార్, అన్న మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. ఇన్నేళ్లూ ఆ ప్రశ్నకు ఆ ఒక్క జవాబే ఇచ్చింది. ఈసారి దాన్ని మింగేసి, కెమెరా మీది దుమ్మును మెత్తటి గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. బయట ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది.

సారు కుర్చీ లాక్కున్నాడు. "లే, ఇటివ్వు. ఎలా చేస్తావో చెప్పు."

ఆమె లేచి పక్కన నిలబడింది. గ్రూపు ఫొటో తెరిచి, కుడి అంచును పెద్దది చేయమంది. చేశాడు. మేనత్త ముఖం తెర నిండా పరుచుకుంది. కళ్లున్న చోట రెండు మసక మరకలు, నోరున్న చోట ఒకటి. సారు తెరకు దగ్గరగా వంగాడు, దూరంగా జరిగాడు, మళ్లీ వంగాడు.

"మెత్తగా వస్తుందని తెలుసు," అన్నాడు. "ఇంతని తెలీదు."

పదును మీటను ఒక్కసారిగా చివరికంటా లాగాడు. ముఖం గులకరాళ్ల కుప్పలా అయింది.

"అలా అందరికీ కలిపి రుద్దేయకూడదు సార్. ఒక్కొక్కరినీ విడిగా చేయాలి. ముందు వాళ్లెవరో చూడాలి."

ఆయన చేసింది వెనక్కి తీసుకున్నాడు. ఆ మరకల్లో మనిషిని పోల్చుకోలేక, "ఎవరీవిడ?" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన మౌసు మీద నుంచి చెయ్యి తీశాడు.

"ఇలాంటివి ఎన్ని ఉంటాయి?"

"ప్రతి గ్రూపులోనూ ఉంటారు సార్," అంది. "ముందు ఆవిడ కళ్లు మొదలుపెట్టండి. నేను నా కెమెరా బ్యాటరీ ఛార్జింగులో పెట్టొస్తా."